ఏ వెలుతురుకు ఏ రీలు

అటక మీది పాత కెమెరా దించి, దుమ్ము దులిపి, బ్యాటరీ వేసి, పనిచేస్తోందని తేలాక అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఏ ఫిల్మ్ మంచిది? ఇది ఏ బియ్యం మంచివి అని అడిగినట్టే. బిర్యానీకా, పులిహోరకా, పరమాన్నానికా అని ఎదురు అడగాల్సి వస్తుంది. ఎక్కడ తీస్తారు, ఎవరిని తీస్తారు, ఏ వేళప్పుడు తీస్తారు, ఈ మూడూ చెబితే రీలు పేరు దానంతటదే బయటపడుతుంది. నేను మొదట్లో అలా అడగలేదు, అడిగేవాళ్లూ లేరు. యూట్యూబ్‌లో బొమ్మలు చూసి ఐదు రకాలు ఒక్కోటి చొప్పున కొన్నాను. ఆరు నెలల తర్వాత చూసుకుంటే అందులో ఏది ఎలా ఉంటుందో ఒక్కదాని గురించీ చెప్పలేను, ఎందుకంటే ప్రతి రీలూ వేరే ఊళ్లో, వేరే వెలుతురులో తీసి, వేరే ల్యాబ్‌లో కడిగించాను. డబ్బు పోయింది, తెలిసింది సున్నా.

ముందు డబ్బా మీది అంకె సంగతి. 100, 200, 400 అని ఉండేది ఫిల్మ్ వేగం, అంటే వెలుతురును ఎంత తొందరగా పట్టుకుంటుందన్నది. ఎర్రటి ఎండలో అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు దూరే కన్నం, అంకె పెరిగితే కన్నం చిన్నది) 16 దగ్గర పెట్టి షట్టర్ వేగాన్ని ఆ అంకెకు దగ్గరగా పెడితే, 100 రీలుకు 125 (అంటే సెకనులో 125వ వంతు), 400 రీలుకు 500, వెలుతురు కొలిచే మీటర్ చచ్చిపోయిన కెమెరాతో కూడా ఫొటో వస్తుంది. ఇదే లెక్కను కాస్త ముందుకు లాగితే ఇంకో విషయం తెలుస్తుంది. చాలా పాత కెమెరాల షట్టర్ 1000 దాటదు. అంటే మిట్టమధ్యాహ్నం 400 రీలు వేసుకుని వెళ్తే అపర్చర్ 11 దగ్గరే ఇరుక్కుపోతారు, వెనక ఉన్నదంతా మసకగా రావాలంటే కన్నం ఇంకా పెద్దగా తెరవాలి, ఆ కోరిక తీరదు. మన ఎండకు బయట తిరిగే పనికి 100 గానీ 200 గానీ చాలు. 400ని పొద్దున, సాయంత్రం, వరండా నీడ, కిటికీ పక్క, వానాకాలం మబ్బు, వీటికి దాచుకోండి. ఎప్పుడు ఏం తీస్తానో తెలీదు, ఒక్క రీలే పట్టుకెళ్లాలి అంటే మాత్రం 400 తీసుకెళ్లండి, ఎందుకంటే వెలుతురు ఎక్కువైతే అపర్చర్ మూసుకోవచ్చు, తక్కువైతే చేయగలిగింది పెద్దగా లేదు.

వేగం పెరిగితే గ్రెయిన్ (ఫొటోలో కనిపించే గరుకుదనం) ఎందుకు పెరుగుతుందంటే, ఫిల్మ్ మీద పూసిన వెండి లవణం పలుకు ఎంత పెద్దదైతే అంత ఎక్కువ వెలుతురు తగులుతుంది. 50, 100 రీళ్లలో బొంబాయి రవ్వ, 3200లో ఇడ్లీ రవ్వ అనుకోండి. 1986లో కొడాక్ టీ-మ్యాక్స్ తెచ్చినప్పుడు ఈ పలుకులను అప్పడాల్లా పలచగా, వెడల్పుగా తయారుచేసింది. అదే వేగం, గ్రెయిన్ తక్కువ. ఇంగ్లండ్ కంపెనీ ఇల్ఫర్డ్ వాళ్ల డెల్టా రీళ్లదీ ఇలాంటి దారే. పాత పద్ధతి రీళ్లు కాస్త గరుకుగా ఉంటాయి, బదులుగా మన తప్పులు ఎక్కువ క్షమిస్తాయి. టీ-మ్యాక్స్‌తో తప్పు చేస్తే అది అక్కడే నిలబడి మనల్ని చూస్తుంది.

నేర్చుకునేవాళ్లు నలుపు తెలుపుతోనే మొదలుపెట్టాలని నా పట్టుదల. కారణం కళ కాదు, ఖర్చు, ఇంట్లోనే కడుక్కోవచ్చు. కొడాక్ ట్రై-ఎక్స్ 35 ఎంఎంలో 1954లో వచ్చింది, పత్రికల ఫొటోగ్రాఫర్ల రీలు, నలుపులో పొగరు ఉంటుంది, ఎండలో ముఖాలు గట్టిగా చెక్కినట్టు వస్తాయి. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ 1989 నాటిది, దానికన్నా మెత్తన, నెగటివ్ చూడగానే చప్పగా ఉందే అనిపిస్తుంది, కానీ ఆ చప్పదనంలోనే అన్ని ఛాయలూ దాక్కుని ఉంటాయి, ప్రింట్ తీసేటప్పుడు కావలసినంత ఉప్పూ కారం మనమే వేసుకోవచ్చు. నా ఓటు దీనికే. 400 రీలైన దీన్ని 1600 అనుకుని తీసి, కడిగేటప్పుడు ఎక్కువసేపు ఉంచినా నిలబడుతుంది. దీన్నే పుష్ చేయడం అంటారు. కానీ పుష్ చేస్తే నీడల్లో లేని వివరం పుట్టుకురాదు, ఉన్న వెలుగు భాగాలు మరింత తెల్లబడతాయి అంతే. గుడి గర్భాలయంలో తీసిన పుష్ రీలు చూస్తే దీపమూ పూజారి ముఖమూ మాత్రమే మిగిలి తక్కినదంతా కాటుకలా ఉంటుంది. అది బాగుంటుంది కూడా, కావాలని చేస్తే.

డబ్బా మీది అంకెను కళ్లు మూసుకుని నమ్మకండి. చెక్ దేశపు ఫోమాపాన్ 400ని 250 అనుకుని తీస్తే నీడలు బతుకుతాయి. డెల్టా 3200 అసలు వేగం 1000 దగ్గర ఉంటుంది, 3200 అన్నది పుష్ చేయడానికి పనికొస్తుందని చెప్పే అంకె. చవగ్గా చేయి తిరగాలంటే కెంట్‌మియర్ 100, 400 ఉన్నాయి. అవీ ఇల్ఫర్డ్ తయారయ్యే ఇంగ్లండ్ ఫ్యాక్టరీవే, కొత్తవాళ్లకు వాటిలో లోటేమీ కనిపించదు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం, బొట్టు. నలుపు తెలుపు రీలు ఏ రంగును ఎంత నలుపుగా చూస్తుందో తెలుసుకోవాలంటే కుంకుమ బొట్టు పెట్టుకున్న మనిషిని తీయాలి. మామూలు రీళ్లన్నీ ఎరుపును కూడా చూస్తాయి, అందుకే హెచ్‌పీ5లో కుంకుమ ఒక మోస్తరు బూడిదగా వస్తుంది, చామనఛాయ నుదురు మీద ఒక్కోసారి కలిసిపోతుంది. లెన్స్ ముందు ఎర్ర ఫిల్టర్ పెడితే బొట్టు దాదాపు మాయం. మా పిన్నిని ఎర్ర ఫిల్టర్‌తో తీసి ప్రింట్ చేతికిస్తే ఆవిడ ముఖం చూడాలి, "బొట్టేదిరా?" అని. నిజమే, ఆకాశం నల్లబడి మబ్బులు తెల్లగా లేచి రావాలని ఫిల్టర్ పెట్టాను, నుదురు సంగతి మర్చిపోయాను. దీనికి సరిగ్గా ఎదురు ఇల్ఫర్డ్ ఆర్థో ప్లస్ 80. దానికి ఎరుపు అస్సలు కనిపించదు, కాబట్టి కుంకుమ కాటుకంత నల్లగా, పెదవులు ముదురుగా, ముఖం మీద ప్రతి మచ్చా ముడతా పైకి తేలి వస్తాయి. తాతల కాలం నాటి ఫొటోల్లో మనుషులు అంత ముదురుగా, బొట్టు అంత నల్లగా కనిపించడానికి ఒక కారణం అప్పటి ప్లేట్లకు ఎరుపు కనిపించకపోవడమే. మిరప కల్లంలో ఆర్థో వేసుకుని తీసి చూడండి, బొగ్గులు ఆరబోసినట్టు ఉంటుంది. మనుషులనూ ఆకాశాన్నీ కలిపి తీయాలంటే పసుపు ఫిల్టర్ మధ్యేమార్గం, బొట్టుకూ ప్రమాదం లేదు.

రంగుల రీళ్లకు వస్తే, కలర్ నెగటివ్‌లో చివరికి వెండి మిగలదు. కడిగేటప్పుడు వెండి పోయి, దాని చుట్టూ పుట్టిన రంగు మాత్రమే మూడు పొరల్లో మిగులుతుంది. దీనివల్ల పనికొచ్చే ఒక తేడా ఉంది. నలుపు తెలుపులో వెలుతురు ఎక్కువిస్తే గ్రెయిన్ పెరుగుతుంది, కలర్ నెగటివ్‌లో ఎక్కువిస్తే రంగు మరకలు ఒకదాని మీద ఒకటి పడి నున్నగా అవుతుంది. కలర్ నెగటివ్‌కు ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుతురు) ఎక్కువైనా భయం లేదు, రెండైనా పర్లేదు. తక్కువైతే మాత్రం నీడలు బురదగా, గ్రెయిన్‌తో, ఒక్కోసారి ఆకుపచ్చగా తిరుగుతాయి. అనుమానం వస్తే ఎక్కువే ఇవ్వండి.

కొడాక్ గోల్డ్ 200 పసుపు వెచ్చదనం, సాయంత్రపు ఎండకు, పసుపు గోడల ఇళ్లకు, పెళ్లి పందిట్లో పసుపు కొట్టే పగటి సందడికి అదే తగినది. కలర్‌ప్లస్ 200 దాని పేద చుట్టం. ఎక్టార్ 100 గ్రెయిన్ కనపడనంత సన్నం, రంగులు గాఢం, సముద్రం, పడవలు, రంగులేసిన లారీలు, గాలిగోపురాలు దీనికి ఇవ్వండి, మనుషులను మాత్రం ఇవ్వకండి. ముఖాలు ఎర్రబడతాయి, అదీ వెలుతురు కాస్త తక్కువైతే మరీను. మనుషులకు పోర్ట్రా ఉంది, 160, 400, 800. ఇప్పుడు దొరికే పోర్ట్రా 400 రూపం 2010లో వచ్చింది. ఖరీదు చూస్తే గుండె దడ, నిజం, అందుకే పెళ్లికో, అమ్మమ్మ దగ్గరికో వెళ్లేటప్పుడు మాత్రమే వేస్తాను. దాన్ని 200 అనుకుని తీసేవాళ్లు చాలామంది, నేనూ అంతే.

మన చర్మం రంగు గురించి ఒక మాట చెప్పాలి. కలర్ ఫొటోలు వచ్చిన కొత్తలో అమెరికా ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి తెల్లటి అమ్మాయి ఫొటో ఉన్న కార్డు వాడేవారు, షర్లీ కార్డు అని దాని పేరు. ఆ ముఖం బాగా వస్తే అంతా బాగున్నట్టే లెక్క. ఆ రోజుల రీళ్లలో నల్లటి ముఖాల వివరం పోవడం వెనక అదీ ఉంది. ఇప్పటి రీళ్లు చాలా మెరుగు, కానీ మీటర్ ఇప్పటికీ మోసం చేస్తుంది. తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న పెద్దాయన్ను నిలబెట్టి కెమెరా మీటర్ చెప్పినట్టు తీస్తే, అది తెలుపు చూసి వెలుతురు ఎక్కువుందనుకుని తగ్గించేస్తుంది, పంచె బూడిద, ముఖం చీకటి. దగ్గరికెళ్లి ముఖం నీడ వైపు మాత్రమే మీటర్ చేసి, ఆ అంకె మీద నిలబడండి. పంచె ఒకటి రెండు స్టాపులు పైకి పోయినా కలర్ నెగటివ్ దాన్ని మోస్తుంది.

నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల్లోనే బొమ్మ వచ్చే స్లయిడ్ ఫిల్మ్ అలా మోయదు. అటూ ఇటూ అర స్టాప్ దాటితే ఫొటో పోయినట్టే, అందులోనూ వెలుగు భాగం తెల్లబడితే తిరిగి రాదు, కాబట్టి ఇక్కడ నీడలను వదిలేసి వెలుగును చూసి మీటర్ చేయాలి. ఫ్యూజీ వాళ్ల స్లయిడ్ రీలు వెల్వియా 50 పచ్చదనాన్ని చూపించే తీరు ఇంకెవరికీ రాదు, నాట్లు పడ్డాక కోనసీమ పొలాన్ని పొద్దున్నే దానితో తీసి లైట్ టేబుల్ మీద పెట్టుకుని చూస్తే నోట మాట రాదు. అదే వెల్వియాతో మనిషిని తీస్తే ఎండదెబ్బ తగిలినట్టు వస్తాడు. ఎక్టాక్రోమ్ ఈ100 శుభ్రంగా, కాస్త చల్లగా ఉంటుంది. 2012లో ఆపేసి 2018లో మళ్లీ తెచ్చారు. కడిగే చోట్లు తక్కువ, కొనే ముందే ఎక్కడ కడిగిస్తారో కనుక్కోండి. అన్నట్టు, అటక మీద కోడాక్రోమ్ రీలు దొరికితే సంబరపడకండి. 1935లో మొదలైన ఆ రీలు 2009లో ఆగింది, దాన్ని రంగుల్లో కడిగిన చివరి ల్యాబ్ 2010 చివర్లో ఆ పని మానేసింది. ఇప్పుడు దాన్ని నలుపు తెలుపుగా కడుక్కోవాల్సిందే.

పాత తెలుగు సినిమా పోస్టర్ల మీద ఈస్ట్‌మన్ కలర్ అని చూసే ఉంటారు. అది కొడాక్ సినిమా ఫిల్మ్ పేరు, 1950లో వచ్చింది. ఆ వంశంలో ఇప్పటి వారసుడు విజన్3. సినిమావాళ్లకు 400 అడుగుల డబ్బాల్లో వచ్చే ఈ ఫిల్మ్‌ను కోసి 36 ఫొటోల రీళ్లుగా చుట్టి అమ్ముతుంటారు, ఒక్క డబ్బాకు 70 రీళ్ల దాకా వస్తాయి, అందుకే చవక. 250డీ పగటికి, 500టీ పాతకాలపు పసుపు బల్బుల వెలుతురుకు. కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: వెనక నల్ల పూత ఉందా, లేదా? రెమ్‌జెట్ అనే ఆ బొగ్గు పూత ఉన్న రీలును మామూలు కలర్ ల్యాబ్‌కు ఇస్తే వాళ్ల మందూ మెషినూ రెండూ పాడవుతాయి, మీతో మళ్లీ మాట్లాడరు. దాన్ని సినిమా ఫిల్మ్ కడిగే ఈసీఎన్-2 పద్ధతి ఉన్న చోటే ఇవ్వాలి. పైగా ఈ ఫిల్మ్ కాంట్రాస్ట్ (వెలుగు నీడల మధ్య తేడా) కావాలనే తక్కువ పెట్టి చేసింది, ప్రింట్ వేసేటప్పుడో రంగులు దిద్దేటప్పుడో సరిచేసుకుంటారని. స్కాన్ చప్పగా వచ్చిందని గాభరా పడకండి, దిద్దుకోవాలి.

సినీస్టిల్ 800టీ అంటే ఆ 500టీనే, రెమ్‌జెట్ ముందే తీసేసి, మామూలు ల్యాబ్‌లో కడిగేలా అమ్ముతున్నది. ఆ పూత లేకపోవడంతో వెలుతురు ఫిల్మ్‌ను దాటి వెనక తగిలి తిరిగొచ్చి, అన్నిటికన్నా అడుగున ఉన్న ఎరుపు పొరను తాకుతుంది, అందుకే ప్రతి దీపం చుట్టూ ఎర్రటి వలయం. నాంపల్లి నుమాయిష్‌లో రంగులరాట్నం దీపాలకు అది పండగే. అయితే ఇంటర్నెట్‌లో ఎవరూ గట్టిగా చెప్పని సంగతి, 800టీ అందం పసుపు బల్బుల కోసం లెక్కేసింది, మన వీధి దీపాలు దాదాపు అన్నీ తెల్ల ఎల్ఈడీలైపోయాయి. వాటి కింద ఇది నీలంగా తిరుగుతుంది. నీలం మీకు ఇష్టమైతే సరే. లేదంటే రాత్రి వీధికి పోర్ట్రా 800 వేసుకోండి, ముఖాలు ముఖాల్లా వస్తాయి. పగలు 500టీ వాడాల్సి వస్తే నారింజ రంగు 85 ఫిల్టర్ పెట్టి 320గా తీయాలి.

ఇక పరీక్ష. ఒక రకం రీలు ఎంచుకున్నాక మొదటి రీలు మొత్తం దీనికే ఇచ్చేయండి, బాధగానే ఉంటుంది, కానీ తర్వాతి పది రీళ్లను కాపాడుతుంది. ఆరు చోట్లు, ఒక్కో చోట ఆరు ఫొటోలు, మొత్తం 36. మిట్టమధ్యాహ్నం ఎండ, చెట్టు నీడ, కిటికీ పక్క, సాయంత్రపు ఎండ, ట్యూబ్‌లైట్ కింద, రాత్రి వీధి. ప్రతిచోటా ఒకే మనిషి ఉండాలి, తెల్ల చొక్కా, నుదుట కుంకుమ, పక్కన అరటాకో చెట్టు కొమ్మో ఏదైనా పచ్చది, చేతిలో నల్ల గొడుగు. మీ ఆవిడో తమ్ముడో ఒప్పుకుంటే అదృష్టం. 400 రీలైతే కెమెరా మీద వేగం చక్రాన్ని 1600, 800, 400, 200, 100, 50 అని వరసగా తిప్పుతూ తీయండి. మొదటి రెండూ వెలుతురు తక్కువైనవి, చివరి మూడూ ఎక్కువైనవి. ఏ ఫొటో దేనిదో కాగితం మీద రాసుకోండి, గుర్తుంటుందిలే అనుకోవద్దు. ల్యాబ్‌కు మాత్రం ఏమీ చెప్పకుండా మామూలుగా కడగమనండి.

రీలు వచ్చాక స్కాన్లు చూడకండి, ముందు నెగటివ్‌ను ఫోన్ తెల్ల స్క్రీన్ మీద పెట్టి చూడండి. గొడుగు మడతలు ఏ ఫొటో నుంచి కనిపించడం మొదలైందో అదే మీ కెమెరాలో ఆ రీలు అసలు వేగం. చొక్కా గుండీలు ఏ ఫొటోలో మాయమయ్యాయో అది పై హద్దు. స్కాన్లను వెంటనే నమ్మొద్దనడానికి కారణం ఉంది. ఒక ల్యాబ్‌లో నా రీలు కడిగించుకుంటే ఆరు ఫొటోలూ ఒకే వెలుతురుతో, ఒకే రంగుతో వచ్చాయి, స్కానర్ తనంతట తాను అన్నీ సమానం చేసేసింది. గోల్డ్ వెచ్చదనం, ఎక్టార్ గాఢత అని మనం అనుకునేదాంట్లో సగం ఆ స్కానర్ ముందు కూర్చున్న మనిషి చేతివాటమే. ఆటో కరెక్షన్ ఆపి స్కాన్ చేయమని అడగండి, కుదరదంటే కనీసం ప్రతిసారీ ఒకే ల్యాబ్‌కు ఇవ్వండి. నెగటివ్‌లు వెనక్కి తెచ్చుకోవడం మర్చిపోవద్దు, కొన్నిచోట్ల అడగకపోతే పారేస్తారు.

ఇంట్లో కడిగేవాళ్లకు వేసవిలో ఒక తిప్పలు. నలుపు తెలుపు రీలు కడిగే మందు, డెవలపర్‌కు 20 డిగ్రీలు కావాలి, మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్లు టీకి సరిపోయేట్టు ఉంటాయి. బకెట్‌లో ఐస్ వేసి అందులో సీసాలు నిలబెట్టాలి, ఐస్ నేరుగా మందులో వేస్తే పలచబడిపోతుంది. కలర్‌కు 38 డిగ్రీలు కాబట్టి ఎండాకాలంలో అదే తేలిక, ఇదో విచిత్రం.

దాచుకోవడం గురించి. ఫ్రిజ్‌లో, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, కూరగాయల తడికి దూరంగా పెట్టండి. తీసిన వెంటనే విప్పకండి, గంట రెండు గంటలు బయట ఉంచాక విప్పాలి, లేకపోతే చల్లటి గ్లాసు మీద చెమ్మ పట్టినట్టు ఫిల్మ్ మీదా పడుతుంది. ఎండలో నిలిపిన కారులో రీలు వదలొద్దు. నేను ఒక ఏప్రిల్‌లో డ్యాష్‌బోర్డు అరలో మర్చిపోయిన గోల్డ్ రీలు పొగపట్టిన గోడలా వచ్చింది. గడువు దాటిన కలర్ నెగటివ్ దొరికితే పదేళ్లకు ఒక స్టాప్ చొప్పున ఎక్కువిచ్చి తీయండి, అది కూడా చల్లటి చోట ఉన్నదైతేనే ఆశ. గడువు దాటిన స్లయిడ్‌కు ఈ లెక్క పనిచేయదు.

విమానం ఎక్కేవాళ్లు రీళ్లను చెకిన్ సామానులో ఎప్పుడూ పెట్టకండి. చేతిసంచీని చూసే కొత్త సీటీ స్కానర్లు ఒక్కసారికే ఫిల్మ్‌ను పాడుచేయగలవు, అందుకని రీళ్లన్నీ పారదర్శకమైన కవర్‌లో వేసి చేతితో చూడమని మర్యాదగా అడగండి. సగం తీసిన రీలు కెమెరాలో ఉంటే ముందే తిప్పి బయటకు తీసేయండి, ఎన్ని ఫొటోలు అయ్యాయో దాని మీదే మార్కర్‌తో రాసి పెట్టుకుంటే మళ్లీ వేసి, లెన్స్ మూత పెట్టి, అంతకన్నా రెండు ఎక్కువ నొక్కి అక్కడి నుంచి కొనసాగించవచ్చు. తిప్పేటప్పుడు ఫిల్మ్ మొదటి కొస (నాలుక) మొత్తం లోపలికి పోకుండా చెవి దగ్గర పెట్టుకుని వినండి, టక్కుమని వదిలిన చప్పుడు రాగానే ఆపేయాలి.